నాణేన్ని ముట్టుకున్న చేతులు

సీసం మెత్తటి లోహం. గోటితో గట్టిగా గీస్తే గీత పడుతుంది. అలాంటి లోహంతో డబ్బు చేయడం ఇవాళ వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు పనే చేతులు మారడం. అయినా రెండు వేల ఏళ్ళ క్రితం దక్కన్‌లో శాతవాహనులు సీసపు నాణేలు విరివిగా వేశారు. అవి సంతల్లో, రేవుల్లో, సైనికుల మొలల్లో తిరిగాయి, అరిగాయి, మట్టిలో కలిశాయి. కొన్ని మనదాకా వచ్చాయి. ఇప్పుడు వాటిని ఎలా పట్టుకోవాలి?

నాణేల సేకరణ మీద ఏ చిన్న పుస్తకం తెరిచినా దీనికి జవాబు మూడు ముక్కల్లో ఉంటుంది. అంచుల్లో పట్టుకోండి, గ్లౌజులు వేసుకోండి, కడగొద్దు. చదివితే పెళ్ళి పట్టుచీర మడతపెట్టే జాగ్రత్తల్లా ఉంటాయి. ఖరీదైన వస్తువు కాబట్టి నలగకుండా చూసుకోమన్నట్టు. కానీ తెలుగునేల తొలి చరిత్ర దగ్గరకొచ్చేసరికి ఈ మూడు ముక్కలకీ బరువు పెరుగుతుంది. ఇక్కడ రాజులెవరో, ఎక్కడ మొదలయ్యారో తేల్చే సాక్ష్యంలో పెద్ద భాగం అరచేతిలో పట్టే లోహపు బిళ్ళల మీద, సగం అరిగిన అక్షరాల్లో ఉంది. ఒక వేలు ఎక్కడ ఆనింది, ఒక బ్రష్ ఎంత గట్టిగా రుద్దింది అన్నదాన్ని బట్టి ఒక పేరు మిగలొచ్చు, పోవచ్చు. పైగా సీసం సంగతిలో కాపాడుకోవాల్సింది నాణేన్నొక్కదాన్నే కాదు, పట్టుకున్న చేతిని కూడా.

పది బిళ్ళలు, ఒక పేరు

శాతవాహనులు సీసం ఒక్కటే వాడలేదు. రాగి, వెండి, ఇంకా రాగిలో తగరం, సీసం కలిపిన పోటిన్ అనే మిశ్రలోహం కూడా వాడారు. ఐతే సీసం మీద వాళ్ళకున్నంత మక్కువ మన దేశంలో వేరే పెద్ద రాజవంశాల్లో కనపడదు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం పెరిప్లస్, భరుకచ్ఛం రేవులోనూ ముజిరిస్ రేవులోనూ దిగే సరుకుల్లో సీసాన్ని లెక్కపెట్టింది. భారతదేశానికి సొంత సీసం లేదనీ, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి కొనుక్కుంటుందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది పూర్తి నిజం కాదు, రాజస్థాన్‌లో పాత సీసపు గనులున్నాయి. కానీ ఓడల మీద సీసం వచ్చిన మాట నిజం. కోరమండల్ తీరంలో దొరికిన శాతవాహన సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉండటం చూస్తే, వచ్చిన దారినే సీసం మీద అచ్చువేశారా అనిపిస్తుంది.

ఈ నాణేలతో ఒక చిక్కుంది. చాలావాటికి అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. రాజు పేరు అంచు వెంబడి చుట్టూ, ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉంటుంది. సుత్తి పడేటప్పుడు బిళ్ళ కాస్త పక్కకు జరిగితే పేరులో సగం గాల్లో పడినట్టే. అందువల్ల ఒకే నాణెం మీద పేరు మొత్తం కనపడటం అరుదు. ఒకదాని మీద 'రఞో' ఉంటుంది, ఇంకోదాని మీద 'సిరి' ఉంటుంది, మూడోదాని మీద 'సాత' వరకే ఉంటుంది. ఒకే రకం నాణేలు పది పక్కపక్కన పెట్టి, అతికి, ఒక పేరు తయారుచేయాలి. తెగిపోయిన లాగ్ ఫైళ్ళు నాలుగైదు సర్వర్ల నుంచి తెచ్చి, కలిసే చోట్లు పట్టుకుని, జరిగిందేమిటో రాబట్టడం మా వృత్తిలో మామూలు. 1908లో ఇ. జె. రాప్సన్ బ్రిటిష్ మ్యూజియం కోసం వేసిన ఆంధ్ర వంశపు నాణేల కేటలాగ్ తిరగేస్తుంటే నాకు ఆ పనే గుర్తొచ్చింది.

దీని అర్థం ఏమిటంటే, పాడైన ప్రతి నాణెం తనతోపాటు తన పక్కవాటి అర్థాన్ని కూడా కొంత పట్టుకుపోతుంది. మిగతా తొమ్మిదింటిలో లేని అక్షరం ఈ పదోదాంట్లో ఉండి ఉండొచ్చు. శాతవాహనుల వెండి నాణేలు ఇంకా గట్టి ఉదాహరణ. వాటి మీద బొమ్మ వైపు రాజు ముఖం, చుట్టూ ప్రాకృతం. బొరుసు వైపు అదే పేరు ఒక ద్రావిడ భాషలో. అక్కడ పేర్ల చివర మనం రోజూ వాడే 'కు' విభక్తిని పోలిన ప్రత్యయం కనిపిస్తుంది. అది తెలుగుకు దగ్గరా, తమిళానికి దగ్గరా అని పండితులు దశాబ్దాలుగా వాదించుకున్నారు. వాదన నిలబడ్డ నేల వైశాల్యం ఎంత? గోటి మందం ఉన్న ఒకటి రెండు అక్షరాలు.

కోటిలింగాల దగ్గర

కరీంనగర్ ప్రాంతంలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. ఇప్పుడది జగిత్యాల జిల్లా. 1970ల్లో ఆ ఊళ్ళో పైపైన దొరికిన నాణేలను ధర్మపురి పండితుడు సంగనభట్ల నరహరి శర్మ ఓపిగ్గా సేకరించారు. అవి శాసన పరిశోధకులు పి. వి. పరబ్రహ్మశాస్త్రి చేతికి చేరాయి. వాటిలో గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే, అంతవరకూ చరిత్ర పుస్తకాల్లో చోటులేని పేర్లు బయటపడ్డాయి. ఛిముక అనే పేరు కూడా కనిపించింది.

ఆ చివరి పేరు దగ్గర ఆగాలి. పురాణాల ఆంధ్ర రాజుల జాబితాల్లో మొదటివాడి పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. శిశుక, సింధుక, శిప్రక. మహారాష్ట్రలోని నానేఘాట్ కనుమ గుహలో ఉన్న శాసనంలో సిముక సాతవాహన అని ఉంది. కోటిలింగాల ఛిముకుడు ఆ సిముకుడే అంటే, శాతవాహనుల మొదలు గోదావరి ఈ ఒడ్డున, తెలంగాణలో ఉందన్న వాదానికి బలం వస్తుంది. కాదనేవాళ్ళు నాణేలకు కాళ్ళుంటాయంటారు. పైఠాన్‌లో వేసిన నాణెం కూడా కోటిలింగాలకు నడిచి రాగలదు. ఈ వ్యాసం ఆ తగువు తీర్చడానికి కాదు. కానీ ఆ తగువుకు రెండు ఆధారాలున్నాయని గమనించండి. ఒకటి బిళ్ళ మీది అక్షరం. రెండోది, ఆ బిళ్ళ ఏ ఊళ్ళో దొరికిందన్న సంగతి. రెండూ చేతుల్లో పోగలిగినవే.

ఇక్కడే గ్లౌజుల నియమం కాస్త ఇబ్బందిలో పడుతుంది. గోదావరి ఒడ్డున నాణేలు ఏరినవాళ్ళెవరూ గ్లౌజులు వేసుకుని ఏరలేదు. మట్టి చేతులతోనే ఏరారు. ఆ చేతులు లేకపోతే గోభదుడూ లేడు, ఛిముకుడూ లేడు. ముట్టుకోవడమే తప్పన్నట్టు మాట్లాడే మ్యూజియం మర్యాద ఈ రుణాన్ని మర్చిపోకూడదు. కాబట్టి ప్రశ్న ముట్టుకోవాలా వద్దా అని కాదు. ఏ ముట్టుకోవడం చరిత్రను మిగులుస్తుంది, ఏది తుడిచేస్తుంది అని.

అక్షరం కిలుములో ఉంది

చెమటలో నీళ్ళు, ఉప్పు, కొన్ని ఆమ్లాలు, చర్మపు జిడ్డు ఉంటాయి. మెరిసే కొత్త నాణెం ముఖం మీద బొటనవేలు ఆనిస్తే ఆ ముద్ర కొన్నాళ్ళకు గోధుమరంగు మరకై నిలిచిపోతుంది. రాగి, పోటిన్ నాణేల్లో సంగతి ఇంకా లోతుకు పోతుంది. ఉప్పులోని క్లోరైడ్ రాగితో కలిసి ఒక సమ్మేళనం తయారుచేస్తుంది. దానికి తేమ, గాలి తగిలితే లేతపచ్చటి పొడిగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మళ్ళీ రాగిని తింటుంది, మళ్ళీ మొదటి సమ్మేళనం వస్తుంది. క్లోరైడ్ ఖర్చు కాదు, తిరుగుతూనే ఉంటుంది. ఆగే షరతు రాయని లూప్ లాంటిది. దీన్ని కంచు జబ్బు అంటారు. విశాఖ, బందరు లాంటి సముద్రపు ఊళ్ళలో, తేమగాలికి ఇది తొందరగా ముదురుతుంది. నాణేల డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసేది ఈ లూపుకి తేమ అందకుండా చేయడానికే.

ఇక మన ఇళ్ళలో పాత రాగి వస్తువు కనపడగానే చేసే పని తెలిసిందే. చింతపండు, ఉప్పు, కాస్త ఇటికపొడి. బిందెకి అది మేలే చేస్తుంది. బిందె మీద చదవాల్సింది ఏమీ లేదు. రెండు వేల ఏళ్ళు మట్టిలో ఉన్న నాణెం కథ వేరు. అంతకాలంలో నాణెం పైపొర లోహం మెల్లగా ఖనిజంగా మారిపోతుంది. సుత్తి దెబ్బకు పడిన అసలు రూపం, అక్షరం గీత, ఏనుగు తొండం, అన్నీ ఆ మారిన పొరలోనే నిలిచి ఉంటాయి. కింద మిగిలిన లోహానికి ఆ రూపం ఉండకపోవచ్చు. అంటే అక్షరం లోహంలో లేదు, కిలుములో ఉంది. చింతపండు పులుపు కిలుముని కరిగిస్తుంది, ఇటికపొడి గీరుతుంది, ఉప్పు క్లోరైడ్‌ని లోపల వదిలిపోతుంది. చివరికి చేతిలో తళతళలాడే గుండ్రటి బిళ్ళ మిగులుతుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు.

సీసానికి శత్రువు వేరు. వినిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి దానికి పడదు. పాతకాలంలో తెల్లరంగు తయారుచేసే పద్ధతి ఇదే. సీసపు రేకుల్ని వినిగర్ కుండల పైన పెట్టి, పేడ వేడిలో కొన్ని వారాలు మూసి ఉంచితే రేకులు తెల్లటి పొరలుగా ఊడొచ్చేవి. ఐరోపా చిత్రకారులు శతాబ్దాలపాటు వాడిన తెలుపు అది. ఇప్పుడు సీసపు నాణేన్ని చెక్క బీరువా సొరుగులో పెట్టారనుకోండి. ఓక్ లాంటి కలప ఏళ్ళ తరబడి అదే ఆమ్లాన్ని మెల్లగా వదులుతుంటుంది. ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఆవిరులూ అలాంటివే. అంత మర్యాదగా, మఖమల్ పరిచి దాచిన సొరుగే రంగుల కార్ఖానా అవుతుంది. నాణెం మీద తెల్లపొడి లేస్తుంది. ముందు పోయేవి అక్షరాలు.

ఆ తెల్లపొడి మనిషికి విషం. గట్టి సీసపు ముక్కను కాసేపు పట్టుకున్నంత మాత్రాన చర్మంలోంచి లోపలికి పోయేది బహు తక్కువ. ప్రమాదం చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళినప్పుడు, పొడి ఊపిరిలోకి పోయినప్పుడు. అందుకని సీసపు నాణేన్ని నోటితో ఊదకూడదు, పొడిబ్రష్‌తో రుద్దకూడదు. అది చేతిలో ఉండగా టీ, బిస్కెట్లు పక్కన పెట్టాలి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలకు సీసం మరీ చేటు కాబట్టి వాళ్ళ చేతికి అసలే ఇవ్వకూడదు.

గ్లౌజులంటే సినిమాల్లో కనిపించే తెల్లటి నూలు తొడుగులు గుర్తొస్తాయి. నిజానికి వాటితో పట్టు జారుతుంది, పోగులు నాణెం గరుకుకి తట్టుకుంటాయి, చెమట బట్టలోంచి ఊరుతుంది. రబ్బరు లేటెక్స్‌లోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు ఈ పనికి నయం, సీసానికైతే తప్పనిసరి అనుకోవాలి. మిగతా నాణేలకు శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలనే నిపుణులూ ఉన్నారు, వేళ్ళకు స్పర్శ తెలుస్తుంది కాబట్టి. రెండు వర్గాలూ ఒప్పుకునేది ఒకటుంది. పట్టుకోవాల్సింది అంచుల్లో, అదీ బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దానికి బెత్తెడు ఎత్తులో. నాణెం జారినా గుడ్డ మీదే పడాలి.

అరుగుదల కూడా ఒక రాత

ఇంతవరకూ చేతిని దొంగలా నిలబెట్టాను. రెండోవైపు కూడా చూడాలి.

శాతవాహనులకంటే ముందు దేశమంతా తిరిగిన వెండి నాణేలున్నాయి. వాటి మీద పేర్లు లేవు, రాజముఖాలు లేవు. సూర్యుడు, కొండ, చక్రం లాంటి చిన్నచిన్న గుర్తులు విడివిడిగా గుద్ది ఉంటాయి. తూకం 32 గురివింద గింజలు, అంటే మూడున్నర గ్రాములకు అటూఇటూ. పేర్లు లేని ఈ నాణేల్లో ఏవి ముందువి, ఏవి తరువాతివి? 1940ల ప్రాంతంలో పూణేలో గణితం పాఠాలు చెప్పే డి. డి. కోశాంబి ఈ ప్రశ్నని సూక్ష్మమైన తరాజు ముందు పెట్టాడు.

ఆయన ఆలోచన సాదాసీదాది. చెయ్యి మారిన ప్రతిసారీ నాణెం రవ్వంత అరుగుతుంది. ఒక్క నాణేన్ని చూసి ఏమీ చెప్పలేం, కానీ వందల నాణేల సగటు చెబుతుంది. తిరిగిన కాలం పెరిగేకొద్దీ సగటు బరువు తగ్గుతుంది, ఒకదానికొకదానికి మధ్య తేడా పెరుగుతుంది. తక్షశిల నాణేల గుట్టల్ని తూచి, బొరుసు వైపున్న చిన్న గుర్తుల సంఖ్యని బట్టి విడదీస్తే, గుర్తులు పెరిగేకొద్దీ సగటు బరువు క్రమంగా తగ్గుతూ వచ్చింది. అంటే ఆ గుర్తులు అలంకారం కాదు, ఎవరో కాలక్రమంలో నాణేల్ని పరీక్షించి వేసిన ముద్రలు. పేరూ ఊరూ తెలియని లక్షల చేతులు, ఒక్కొక్కటి కంటికి కనపడనంత వెండిని తీసుకుంటూ, తమకు తెలియకుండానే ఒక గడియారాన్ని నడిపాయి. కోశాంబి దాన్ని చదివాడు.

నాణెం మీద రాజు రాసేది ఒకటి, జనం రాసేది ఒకటి. జనం రాత ఆ అరుగుదల. దాన్ని కొలిచేది మిల్లీగ్రాముల్లో. ఇప్పుడు ఎవరైనా అలాంటి నాణేన్ని ఆమ్లంలో ముంచి తెల్లగా తోమితే ఏమవుతుంది? నాణెం బాగానే కనిపిస్తుంది, గుర్తులు కూడా ఉంటాయి. బరువు మాత్రం ఆబద్ధం చెబుతుంది. ఎంత సంతలో పోయింది, ఎంత గిన్నెలో పోయింది ఎవరూ విడదీయలేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సంతలో చెయ్యి అరగదీస్తే చరిత్రా, మన వంటింట్లో చెయ్యి అరగదీస్తే నష్టమా? ఇదీ చరిత్రలో భాగమే కదా? న్యాయమైన ప్రశ్న. దీనికి నాకు దొరికిన జవాబు జోగల్‌తంబిలో ఉంది. 1906లో నాసిక్ దగ్గర ఆ ఊళ్ళో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో సుమారు 9 వేల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తులు. నాణెం దృష్టిలో ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఇది మన దగ్గరున్న గొప్ప సాక్ష్యాల్లో ఒకటి, ఎందుకంటే కొత్త ముద్ర కింద పాత ముఖం ఇంకా కనిపిస్తోంది. ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు ఎవరి మీద అన్నది ఒకే బిళ్ళ మీద ఉంది. శాతకర్ణి దెబ్బ తన జాడనీ వదిలింది, కింది జాడనీ వదిలింది. చింతపండు రెండూ వదలదు. తానే తోమానని అది ఎక్కడా సంతకం పెట్టదు.

చీటీ

జాడ వదలడం అనే మాట పట్టుకుంటే, నాణెం భద్రతలో అన్నిటికంటే చవకైన సాధనం దగ్గరికి వస్తాం. అది ఒక కాగితం చీటీ.

నాణేల సంతల్లో, ఇంటర్నెట్ వేలాల్లో శాతవాహన నాణేలు ఇప్పుడు తేలిగ్గానే కనిపిస్తాయి. శుభ్రం చేసి, బాగా ఫోటో తీసి, లోహం, బరువు, రాజు పేరు రాసి పెడతారు. దొరికిన ఊరు మాత్రం చాలాసార్లు ఉండదు. కొన్నిసార్లు అమ్మేవాడికి తెలియదు, కొన్నిసార్లు తెలిసినా చెప్పడు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, 10 రూపాయలకు మించి విలువున్న నిధి సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. ఊరి పేరు చెబితే ఆ ప్రశ్న మొదలవుతుంది. అందుకని ముందు ఊరు పోతుంది, తరువాత మట్టి పోతుంది, ఆ తరువాత కిలుము పోతుంది. కోటిలింగాల తగువులో ఛిముకుడి నాణెం ఎక్కడ దొరికిందన్నది సగం వాదన అని చెప్పుకున్నాం. ఊరు చెరిగిపోయిన ఛిముకుడి నాణెం ఇంకా అందంగానే ఉంటుంది, కానీ ఆ తగువులో అది సాక్షి కాలేదు.

ప్లాస్టిక్ కవర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కొత్తగా విప్పగానే ఘాటు వాసన వేసే మెత్తటి కవర్లు సాధారణంగా పీవీసీవి. కాలం గడిచేకొద్దీ అవి ఆమ్లాన్నీ జిడ్డునీ వదిలి, రాగి మీద పచ్చటి జిగట పేరుస్తాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లకు ఆ గొడవ లేదు. సీసపు నాణేలకు చెక్క, ప్లైవుడ్ సొరుగులు మానేసి, మంచి ప్లాస్టిక్ డబ్బా వాడితే చాలు. ఇవన్నీ కలిపి ఒక మామూలు హోటల్ భోజనం ఖర్చు దాటవు.

కాబట్టి ఏ అమ్మమ్మ ట్రంకుపెట్టెలోనో, పునాది తవ్వుతున్న చోటో పాత నాణేలు మీ ఎదుటికి వస్తే, ముందు పెన్ను తీసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర, వేటితో కలిసి కనిపించాయో చీటీ రాయండి. మట్టితో ఉన్నవి మట్టితోనే రెండు వైపులా ఫోటో తీయండి. కడగకండి, గీకకండి, 'కొంచెం రుద్ది చూద్దాం' అనే మాట ఇంట్లో ఎవరన్నా ఆపండి. బూడిదరంగులో, సైజుకు మించిన బరువుతో ఉంటే సీసం కావచ్చు, గ్లౌజులు వేసుకోండి. భూమిలోంచి వచ్చినవైతే కలెక్టరు ఆఫీసుకో పురావస్తు శాఖకో కబురు చేయండి, ఆ చీటీతో సహా. ఆ తరువాత, అంచుల్లో పట్టుకుని, తీరిగ్గా చూడండి. మీ ముందు దాన్ని చివరిసారి ఖర్చుపెట్టిన మనిషి దాంతో ఏం కొన్నాడో తెలీదు కానీ, అతని వేళ్ళు అరగదీసిన చోటు మాత్రం కనిపిస్తుంది.